మడుగులోకి ఏ కెమెరా?

విశాఖ తీరంలో రుషికొండ వైపు, తెన్నేటి పార్కు కింద, పోటు దిగాక రాళ్ళ మధ్య నీళ్ళు నిలిచి చిన్న చిన్న మడుగులు బయటపడతాయి. అమావాస్యకీ పున్నమికీ అటూ ఇటూ సముద్రం ఇంకా వెనక్కి పోతుంది కాబట్టి మామూలు రోజుల్లో కనిపించని కింది రాళ్ళు కూడా ఆ రోజుల్లో తేలతాయి. సముద్ర పుష్పాలు, సన్యాసి పీతలు, గవ్వలేని రంగురంగుల సముద్రపు నత్తలు, రాయిని కరుచుకుని ఉండే గుల్లలు అన్నీ అక్కడే. డిగ్రీ కాలేజీలో జువాలజీ చెప్పే ఒకావిడ తన విద్యార్థులతో వీటి ఫోటోలు తీయించి, ఎక్కడ ఏ జీవి ఉందో నమోదు చేయిస్తోంది. ఆవిడ మేనల్లుడు పెళ్ళిళ్ళ ఫోటోగ్రాఫరు. తీరిక దొరికితే పక్షుల వెంట తిరుగుతాడు. కెమెరాలకి కాలేజీ కొంత డబ్బు ఇస్తానంది. దాంతో ఏం కొనాలన్నది ఇద్దరి మధ్యా వాదం. ఇద్దరూ తమ పనిని ప్రేమించే మనుషులు, అందుకే ఇద్దరి మాటా పూర్తిగా రాశాను. మధ్యలో ఒకచోట నా మాట కూడా చెప్పాను.

అల్లుడు: నా మాట విను అత్తా. వచ్చిన డబ్బంతా ఒక్క మంచి ఫుల్ ఫ్రేమ్ మిర్రర్‌లెస్ మీద పెట్టు. సోనీ ఏ7 ఫోర్, దానికి 90 ఎం.ఎం. మాక్రో లెన్సు. పదేళ్ళ దాకా ఇంకో కెమెరా మాటే అక్కర్లేదు. నువ్వు అడుగుతున్న ఆ చిన్న టఫ్ కెమెరాలు సరదాకి బీచికి వెళ్ళేవాళ్ళు కొనుక్కునేవి. నువ్వు చేస్తున్నది సైన్సు.

అత్త: సైన్సు కాబట్టే వాటిని అడుగుతున్నాను. ఓఎం సిస్టమ్ వాళ్ళ టీజీ-7 బరువు 249 గ్రాములు. ఏ కవరూ తొడగకుండా 15 మీటర్ల లోతు దాకా ముంచొచ్చు. 2.1 మీటర్ల ఎత్తు నుంచి పడ్డా, 100 కిలోల బరువు మీద పడ్డా తట్టుకుంటుందని కంపెనీ చెబుతోంది. లెన్సుకి సెంటీమీటరు దూరంలో ఉన్నదాన్ని కూడా ఫోకస్ చేస్తుంది. నువ్వు చెప్పిన బాడీ, లెన్సు కలిపితే కిలోంపావు. నాచు పట్టిన రాయి మీద నిలబడి అంత బరువు రెండు చేతులా పట్టుకుంటే, జారినప్పుడు ఏ చెయ్యి ఆనించాలి?

అల్లుడు: ఇవన్నీ కెమెరా బతికి బయటపడే లెక్కలు. ఫోటో ఎలా వస్తుందన్న లెక్క వేరు. టీజీ-7లో సెన్సర్ సుమారు 6.2 మిల్లీమీటర్ల పొడవు, 4.6 మిల్లీమీటర్ల వెడల్పు. ఫుల్ ఫ్రేమ్ 36 బై 24. వైశాల్యం 30 రెట్లు. వెలుతురు పట్టే చోటు 30 రెట్లు ఎక్కువ ఉన్నప్పుడు ఫోటోలో వచ్చే తేడా చిన్నది కాదు. నీడలో ఉన్న వివరం, ఎండలో తెల్లబారిపోయే వివరం రెండూ ఒకే ఫ్రేములో నిలుస్తాయి. నీ 12 మెగాపిక్సెళ్ళకి అవతల 33. అంగుళానికి 300 చుక్కల లెక్కన ప్రింటు వేస్తే నీది 13 అంగుళాల పొడవు దగ్గర ఆగిపోతుంది, నాది 23 దాటుతుంది.

అత్త: ప్రింటు సంగతి తర్వాత మాట్లాడదాం, అది నిజంగా మాట్లాడాల్సిందే. ముందు మడుగు దగ్గరికి రా. ఒడ్డున నిలబడి నీళ్ళలోకి చూస్తే ఏం కనిపిస్తుంది? ఆకాశం కనిపిస్తుంది. పోలరైజర్ పెడితే ఆ మెరుపు చాలావరకు పోతుంది, ఒప్పుకుంటాను. కానీ గాలికి నీటి పైపొర కదులుతూనే ఉంటుంది. ఆ కదలికకి అడుగున ఉన్న జీవి ఆకారం వంకర్లు పోతుంది. 33 మెగాపిక్సెళ్ళతో వంకరను తీస్తే అది వివరమైన వంకర అవుతుంది, అంతే. కెమెరాని నీళ్ళలో ముంచితే ఆ పైపొర అడ్డే ఉండదు.

అల్లుడు: దానికి నీళ్ళు దూరని పెట్టె, హౌసింగ్ ఉంది కదా. ఫుల్ ఫ్రేమ్‌ని హౌసింగ్‌లో పెట్టి డైవర్లు సముద్రం అడుగున తీస్తున్న ఫోటోలు నువ్వూ చూశావు.

అత్త: చూశాను, చాలా గొప్పవి. డైవరు చుట్టూ కావలసినంత సముద్రం ఉంటుంది. నా మడుగుల్లో సగం జానెడు లోతు కూడా ఉండవు. కొన్నిటి మూతి నా అరచెయ్యంత. హౌసింగూ, దాని ముందు గాజు పోర్టూ, రెండు పక్కలా చేతులు చాచిన లైట్లూ అందులోకి ఎలా దూరతాయి? రాయి కిందికి చెయ్యి పెట్టి, పైకప్పుకి వేలాడుతున్న జీవిని కింది నుంచి తియ్యాలి. చేతిలో ఇమిడే కెమెరా తప్ప ఇంకేదీ అక్కడికి వెళ్ళదు.

అల్లుడు: అలా అనకు. పెద్ద ఫ్రేము నీళ్ళలోకి చిన్న రూపంలో వెళ్ళిన రోజులు ఉన్నాయి. సముద్ర అన్వేషకుడు జాక్ కూస్తో కోసం బెల్జియం ఇంజనీరు జాన్ డి వూటర్స్ కాలిప్సో అనే కెమెరా తయారు చేశాడు. అదే డిజైన్‌ని నికాన్ తీసుకుని 1963లో నికోనోస్ పేరుతో తెచ్చింది. లోపల పడేది మామూలు 35 ఎం.ఎం. ఫిల్మే, అంటే 36 బై 24 ఫ్రేమే. హౌసింగ్ అక్కర్లేదు, కెమెరాయే హౌసింగ్. 2001 దాకా ఆ వరస నడిచింది. పెద్ద ఫ్రేముకీ నీళ్ళకీ పడదన్నది నిజం కాదు. కంపెనీలు మళ్ళీ చెయ్యడం లేదు, అంతే. దానికి నాకు బాధగానే ఉంది.

అత్త: ఆ నికోనోస్‌తో దగ్గరి ఫోటో ఎలా తీసేవారో కూడా చెప్పు మరి.

అల్లుడు: ఎక్స్‌టెన్షన్ ట్యూబు పెట్టి, లెన్సు ముందు ఒక లోహపు చట్రం బిగించేవారు. ఆ చట్రంలో జీవి ఇమిడితే ఫోకస్‌లో ఉన్నట్టు.

అత్త: చివర్లో వచ్చిన ఆర్ఎస్ మోడల్ తప్పిస్తే లెన్సులోంచి చూసే వీలే లేదు. ఆ చట్రం తగిలితే సముద్ర పుష్పం ముడుచుకుపోతుంది, పీత గుల్లలోకి దూరుతుంది. అంత శ్రమపడి తీసినవాళ్ళ మీద నాకు ఎంతో గౌరవం. కానీ 19 ఏళ్ళ పిల్ల చేతికి ఆ పద్ధతి ఇవ్వలేను. ఇప్పుడు నా దగ్గర వెనక తెర మీద చూస్తూ తీసే కెమెరా ఉంది.

అల్లుడు: సెంటీమీటరు దూరం నుంచి తీస్తానంటున్నావు. నీ కెమెరా నీడే జీవి మీద పడుతుంది కదా? నా మాక్రో లెన్సు ముందు అరజానెడు పైనే చోటు మిగులుతుంది. వెలుతురు పక్కనుంచి రావచ్చు, జీవి బెదరదు.

అత్త: నీడ పడుతుంది, నిజమే. అందుకే లెన్సు చుట్టూ బిగించే లైట్ గైడ్ అమ్ముతారు. కెమెరాలో ఉన్న ఎల్ఈడీ వెలుతురుని అది గుండ్రంగా తిప్పి ముందుకి పంపిస్తుంది. బెదరడం జీవిని బట్టి ఉంటుంది. నత్తలకి పట్టదు, చేపపిల్లలకి పడుతుంది. చేపల విషయంలో నీ లెన్సే మేలని రాసిపెట్టుకో.

అల్లుడు: రాసుకున్నాను. ఇంక అసలు మాట అడుగుతాను. నీ నత్త ఫోటో ఎందుకు కావాలి?

అత్త: గుర్తుపట్టడానికి. గవ్వలేని నత్తకి తల మీద రెండు కొమ్ముల్లాంటివి ఉంటాయి, నీళ్ళలో వాసన పట్టేవి. చాలావాటికి వీపు వెనకవైపు పువ్వులా విచ్చుకున్న మొప్పలుంటాయి. ఒళ్ళంతా కలిపి ఒక్కోసారి రెండు సెంటీమీటర్లు ఉండదు. జాతి చెప్పాలంటే కొమ్ములూ, మొప్పలూ, ఒంటి అంచున ఉన్న రంగు గీతా, మూడూ ఒకే ఫోటోలో స్పష్టంగా ఉండాలి. కొమ్ములు ఫోకస్‌లో ఉండి మొప్పలు మసకబారితే ఆ ఫోటోకి ఎంత అందమున్నా నాకు అక్కరకు రాదు. నీ ఫుల్ ఫ్రేమ్‌తో అంత దగ్గరికి వెళ్తే ఫోకస్ లోతు ఎంత?

అల్లుడు: అపర్చర్ తెరిచి పెడితే మిల్లీమీటరులో చిన్న వంతు. కానీ తెరిచే పెట్టాలని ఎవరన్నారు? ఎఫ్/22 కి మూస్తాను. నీకు వచ్చిన లోతే నాకూ వస్తుంది.

అత్త: వస్తుంది. మూసినందుకు వెలుతురు ఎంత పోయింది?

అల్లుడు: చాలా పోతుంది. ఐ.ఎస్.ఓ. పెంచాలి, లేకపోతే ఫ్లాష్ వాడాలి.

ఇక్కడ నేను ఆగి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ఈ రెండు కెమెరాల గురించి జరిగే వాదాల్లో ఎక్కువగా జారిపోయే సంగతి ఇదే. చిన్న సెన్సర్ ఉన్న కెమెరాలో లెన్సు అసలు ఫోకల్ లెంగ్త్ కూడా చిన్నదే. టీజీ-7 లెన్సుని 25 నుంచి 100 ఎం.ఎం. అంటారు గానీ నిజానికి అది 4.5 నుంచి 18 మిల్లీమీటర్లు. రెండు ఫ్రేముల కర్ణాల నిష్పత్తి సుమారు 5.6. కాబట్టి ఆ చిన్న కెమెరా ఎఫ్/2 దగ్గర ఇచ్చే ఫోకస్ లోతు, ఫుల్ ఫ్రేమ్‌లో ఎఫ్/11 దగ్గర వచ్చే లోతుకి సమానం. చిన్నదాంట్లో ఎఫ్/4 కి సాటి రావాలంటే పెద్దదాంట్లో ఎఫ్/22 కావాలి. ఎఫ్/4 నుంచి ఎఫ్/22 దాకా మూస్తే వెలుతురు సుమారు 30 వంతుల్లో ఒక వంతే మిగులుతుంది. పెద్ద సెన్సర్ తెచ్చిపెట్టిన 30 రెట్ల లాభమంతా అక్కడికక్కడే ఖర్చైపోయినట్టు. షట్టర్ వేగం మారకుండా అదే లోతు కావాలంటే రెండు కెమెరాల ఫోటోల్లోనూ నాయిజ్ దాదాపు ఒక్కలాగే ఉంటుంది. అపర్చర్ అంతగా మూసినప్పుడు వివరం మెత్తబడడం కూడా రెండిటికీ సమానమే. అందుకే సెన్సర్ పెద్దదైతే ఎప్పుడూ మెరుగేనన్న మాట నేను ఒప్పుకోను. తక్కువ లోతు చాలన్నప్పుడూ, వెలుతురు కావలసినంత పెట్టగలిగినప్పుడూ మాత్రమే ఆ పెద్దతనం చేతికి వస్తుంది. మడుగులో నత్త ముందు ఆ రెండూ కుదరడం కష్టం.

అల్లుడు: ఆ లెక్క తప్పని అనను. కానీ ఫ్లాష్ సంగతి మర్చిపోవద్దు. రెండు గట్టి ఫ్లాష్‌లు పెడితే ఎఫ్/22 దగ్గర కూడా ఐ.ఎస్.ఓ. 100 లోనే తీస్తాను. అప్పుడు నా సెన్సర్ నిండా వెలుతురు పడుతుంది, నీది అంత పట్టలేదు.

అత్త: ఆ ఫ్లాష్‌లు పెట్టే చోటుంటే నువ్వే గెలుస్తావు. ఒడ్డున తొట్టెలో జీవిని పెట్టి తీసేటప్పుడు చోటుంటుంది. కానీ నా పిల్లలకి జీవుల్ని పీకి తొట్టెలో పెట్టొద్దని మొదటి రోజే చెప్తాను. ఎక్కడున్నది అక్కడే తియ్యాలి.

అల్లుడు: సరే, మడుగు నీది. చీకటిలోకి రా. జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఈ తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి రాత్రిపూట ఒడ్డెక్కుతాయి. ఫ్లాష్ కొట్టకూడదు, తెల్లటి టార్చి వెయ్యకూడదు. దూరం నుంచి మసక ఎర్ర లైటు, అదీ అటవీశాఖ వాళ్ళు ఒప్పుకుంటేనే. నీ టీజీ-7 అక్కడ ఏం చూస్తుంది? ఐ.ఎస్.ఓ. 1600 దాటేసరికి ఇసుకా, తాబేలు డిప్పా కలిసి ముద్దైపోతాయి. సెన్సర్ వైశాల్యం లెక్కన చూస్తే నా కెమెరా 12800 దగ్గర ఇచ్చే శుభ్రత నీ కెమెరా 400 దగ్గర ఇస్తుంది. అక్కడ ఫోకస్ లోతు అక్కర్లేదు. ఎఫ్/1.8 లెన్సు పూర్తిగా తెరిచి పెడతాను. నేను చెప్పిన ఆ 30 రెట్లూ నాకు దక్కుతాయి.

అత్త: దక్కుతాయి. అక్కడ నా కెమెరాకి పని లేదు.

అల్లుడు: ఇంకొకటి. టీజీ-7లో షట్టర్ వేగం మనం పెట్టుకునే మోడే లేదు. మాన్యువల్ లేదు. అపర్చర్ మోడ్ ఉంది గానీ అందులో ఉన్న మెట్లు మూడే. వైడ్‌లో ఎఫ్/8 అని చూపించేది నిజంగా అపర్చర్ మూయడం కాదు, లోపల వెలుతురు తగ్గించే ఎన్.డి. ఫిల్టర్ అడ్డం రావడం. వ్యూఫైండర్ లేదు, ఎండలో తెర కనపడదు. ఫ్రేము మూలల్లో షార్ప్‌నెస్ తగ్గుతుంది. ఫోటోగ్రఫీ నేర్చుకోవలసిన వయసు పిల్లలకి ఇలా కట్టేసిన కెమెరా ఇస్తావా? నా దగ్గరికి పని నేర్చుకోవడానికి వచ్చే కుర్రాళ్ళకి మొదట షట్టరూ, అపర్చరూ, ఐ.ఎస్.ఓ. మూడూ విడివిడిగా తిప్పిస్తాను. వెలుతురు ఎలా పనిచేస్తుందో అప్పుడే అర్థమవుతుంది.

అత్త: ఈ మాటకి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఆ మోడ్ ఎందుకు పెట్టలేదో నాకూ అర్థం కాదు. కదిలే నీళ్ళలో షట్టర్ వేగం నా చేతిలో ఉంటే ఎన్నో ఫోటోలు దక్కేవి. కానీ నా పిల్లలు ఫోటోగ్రాఫర్లు కావడానికి రావడం లేదు, జీవిని చూడడం నేర్చుకోవడానికి వస్తున్నారు. తెర మీద బియ్యపు గింజంత చోటు ఫ్రేమంతా పరుచుకున్నప్పుడు వాళ్ళ ముఖాలు చూడాలి నువ్వు. రాయి అనుకున్నది కదిలి ముందుకు పాకితే గుంపంతా ఒకేసారి వంగుతుంది. ఆ తర్వాత వాళ్ళకి పుస్తకంలో బొమ్మ గీయమని నేను చెప్పనక్కర్లేదు.

అల్లుడు: దానికి ఫోన్ చాలదా మరి? ఇప్పుడు ఫోన్లు కూడా నీళ్ళలో తడవొచ్చంటున్నారు.

అత్త: ఆ హామీలు మంచినీళ్ళ పరీక్షల మీద ఇచ్చినవి. ఉప్పునీళ్ళలో ముంచొద్దనే చాలా కంపెనీలు చెబుతాయి. పైగా నీళ్ళు తగిలితే తాకే తెర మన వేలి మాట వినదు. తడిచేతికి బొత్తాలు కావాలి. ఇంకోటి, టీజీ-7లో జీపీఎస్ లోపలే ఉంది. ఏ రాయి దగ్గర తీశామో ఫోటోలోనే రాసి ఉంటుంది. పిల్లలు జీవుల్ని నమోదు చేసే ఐనాచురలిస్ట్ సైటులో పెట్టినప్పుడు చోటు తప్పుగా పడదు. నీ సోనీకి ఆ వివరం ఫోన్ నుంచి అందాలి.

అల్లుడు: చోటుతో సరిపోతుందా? మీరు తీసినవి ఎవరు చూస్తున్నారు అత్తా? నలుగురు నిపుణులు చూస్తున్నారు. ఈ తీరంలో ఇన్ని జీవులున్నాయని ఊళ్ళో ఎంతమందికి తెలుసు? గోడ మీద నాలుగడుగుల ప్రింటు పెట్టు, దారిన పోయేవాడు ఆగి చూస్తాడు. ఆ నత్త కొమ్ము మీద మెరుపు కనిపించాలి, వెనకాల నీలం మెత్తగా కరిగిపోవాలి. చూసినవాడు ఇంటికెళ్ళాక కూడా గుర్తుంచుకోవాలి. రాళ్ళ మీద కాంక్రీటు పోయొద్దని అప్పుడు వాడే అడుగుతాడు. ఆ పని చేసే ఫోటో నీ కెమెరా నుంచి రాదు.

అత్త: ఇందాకటి నుంచి నువ్వు చెప్పినవాటిలో నన్ను కదిలించింది ఇదే. నమోదు ఒక పని, మనిషిని ఆపడం ఇంకో పని. రెండోది లేకపోతే మొదటిది ఫైల్లో ఉండిపోతుంది. కాంక్రీటు వచ్చాక, ఇక్కడ ఫలానా నత్త ఉండేదని చెప్పడానికి తప్ప దేనికీ పనికిరాదు.

అల్లుడు: మరి?

అత్త: మరి ఆ పని ఎవరు చెయ్యాలన్నది కూడా చూడాలి. టీజీ-7 వచ్చినప్పుడు అమెరికాలో ధర 550 డాలర్లు. ఏ7 ఫోర్ బాడీ ఒక్కటే 2,500. దానికి లెన్సు, హౌసింగ్, పోర్టు, లైట్లు. ఒకటి కొంటే అది నా బీరువాలో ఉంటుంది. తాళం నా దగ్గర ఉంటుంది. పిల్లలు చుట్టూ నిలబడి నేను తీస్తుంటే చూస్తారు. పాడైపోతుందేమోనని ఏ పిల్లకీ ఇవ్వను, ఇచ్చినా ఆ పిల్ల భయంతో తియ్యదు. అదే డబ్బుకి నాలుగైదు చిన్నవి వస్తే ఒకే ఆటుకి నాలుగైదు చోట్ల మడుగులు చూడొచ్చు. పోటు మళ్ళీ ఎక్కేలోపు మాకు దొరికే సమయం చాలా కొంచెం.

అల్లుడు: ఆ చిన్నవి ఎన్నేళ్ళు బతుకుతాయో కూడా లెక్కపెట్టు. నా లెన్సు ఇరవై ఏళ్ళు పనిచేస్తుంది, అమ్ముకున్నా డబ్బొస్తుంది. ఆ టఫ్ కెమెరా తలుపుల దగ్గరున్న రబ్బరు సీలు ముసలిదైతే ఒక్క రోజులో అయిపోతుంది. లోపలికి ఉప్పునీళ్ళు పోతే బాగుచేయించడం దండగ.

అత్త: అందుకే తలుపు మూసే ముందు సీలు మీద ఇసుక రేణువు, వెంట్రుక ఉన్నాయేమో చూడడం పిల్లలకి మొదటి పాఠం. ఇంటికొచ్చాక మంచినీళ్ళ బకెట్లో నానబెట్టడం రెండోది. సీళ్ళు ఏడాదికోసారి మార్పించమని కంపెనీయే చెబుతుంది. ఇక నీ లెన్సు ఇరవై ఏళ్ళు ఉండేది పొడి బీరువాలో పెడితే. ఈ ఊరి గాలిలో వర్షాకాలం దాటేసరికి లోపల ఫంగస్ పూస్తుందని చెప్పింది నువ్వే.

అల్లుడు: చెప్పాను. సముద్రం పక్కన లెన్సు మార్చనని కూడా చెప్పాను. మార్చిన ప్రతిసారీ ఉప్పు గాలి సెన్సర్ మీదికి వెళ్తుంది.

అత్త: అయితే కాగితం తీసుకో. నాలుగు టీజీ-7లు. నాలుగు అదనపు బ్యాటరీలు, ఒక్క చార్జికి మూడొందల పైచిలుకు ఫోటోలే వస్తాయి. నాలుగు లైట్ గైడ్‌లు. నీళ్ళలో తేలే చేతిపట్టీలు. సీళ్ళు మార్పించే ఖర్చు ముందే రాసెయ్.

అల్లుడు: ఫుల్ ఫ్రేమ్?

అత్త: ఈ ఏడు లేదు.

అల్లుడు: అలా అయితే తాబేళ్ళకీ, గోడ మీద ప్రింటుకీ నా కెమెరా తెస్తాను. కానీ ఎవరి చేతికీ అప్పగించను, నేనూ రావాలి. ఆ రాత్రి షట్టరూ అపర్చరూ పిల్లల చేత నేనే తిప్పిస్తాను.

అత్త: ఫిబ్రవరిలో పెళ్ళి ముహూర్తాలు లేని రాత్రులేవో చూసి చెప్పు. అటవీశాఖకి అనుమతి కోసం ముందుగా రాయాలి.